గమ్ము సంచులు

టైల్స్ పనిల నాకు ఇరవై ఆరేండ్లు నిండినయి. టైల్స్ అతికించే మాల్ గురించి నాకు చెప్పేటోడు ఈ పట్నంల ఇంక పుట్టలేదని ఛాతి విరుచుకొని తిరిగేటోన్ని. ఆ పొగరంత ఒక్క పొద్దుగాల, నా బిడ్డ వయసున్న ఒక పిల్ల అడిగిన నాలుగు ప్రశ్నలకు దిగిపోయింది. దిగిపోవుడు ఏంది, నిలబడ్డ కాడనే కూలబడ్డ. 

మాది పురానాపూల్. పాత వంతెన దిగినంక గల్లీల రెండర్రల ఇల్లు. నేను బాత్రూములకు, వంటింటి గోడలకు, కింద ఫ్లోర్లకు టైల్స్ పెడ్త. మా నాయన కాలంల సిమెంటు, ఇసుక కలిపి అతికిస్తుండె. ఇప్పుడంత గమ్ము. బస్తాల పొడి వస్తది, నీళ్లు కలిపితే మెత్తటి ముద్దయితది. గోడకు రాసి టైల్ ఒత్తినమా, ఇగ పీకినా రాదు. పేరుకే గమ్ము గాని లోపల ఉన్నది సిమెంటే, సన్నటి ఇసుకే, ఇంక ఏవో మందులు. బేగంబజార్ సేటు బస్తా మీద చెయ్యేసి చరిచి "లే జావ్ భాయ్, ఏక్ నంబర్ మాల్" అంటడు. బస్తా వెనక ఇంగ్లీషుల సన్న అక్షరాలతోని ఏమేమో రాసి ఉంటది. చేతి తొడుగు బొమ్మ ఒకటి, కండ్లద్దాల బొమ్మ ఒకటి ఉంటయి. నవ్వుతరేమో గాని, అవి కంపెనీ గుర్తులని అనుకున్న నేను. ఇన్నేండ్లు అట్లనే అనుకున్న.

మాల్ కలపనీకె అందరు మెషిన్లు వెడ్తున్నరు ఇప్పుడు. నేను పెట్టలేదు. మోచేతి దాకా చెయ్యి బకెట్ల దింపి కలుపుత. గడ్డ యాడున్నదో, నీళ్లు ఎంత తక్కువైనయో వేళ్లకు తెలుస్తది. మా నాయన అట్లనే కలిపిండు, నాకు అట్లనే నేర్పిండు. చేత్తోని కలిపినోడే మేస్త్రీ, తక్కినోళ్లు కూలోళ్లు అనేది మా దాంట్ల మాట. నా చేతుల తోలు ఎప్పుడో మొద్దుబారింది. పొయ్యి మీది గిన్నె బట్ట లేకుండ దించుత, అది చూసి పిల్లలు ఆగమాగమైతరు. అదొక గొప్ప నాకు!

మా ఇంటామె పూలు కట్టేది. పొద్దుగాల నా బండి మీద గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి చామంతి, బంతి, మల్లె తెచ్చుకునేది. మా గల్లీ మొదట్ల చిన్న గుడి ఉన్నది. దాని పక్కన అరుగు మీద కూసొని దండలు అల్లేది. పదిహేనేండ్లు అదే జాగ. వచ్చేటోళ్లతోని ముచ్చట వెడ్తనే ఉంటది, తల ఎత్తి నవ్వుతనే ఉంటది, కింద వేళ్లు మాత్రం దారం చుట్టి ముడేసి, చుట్టి ముడేసి నడుస్తనే ఉంటయి. "ఏందే, నీ వేళ్లకు కండ్లున్నయా" అని నేను పరాచకం ఆడితే "నీ కండ్లకు పనిలేక నా వేళ్ల మీద పడ్డయా" అనేది. మాటకు మాట అప్పజెప్పుట్ల ఆమె తర్వాతనే ఎవరైనా.

ఆ చేతులకు మూడేండ్ల కింద దురద షురూ అయింది. ముందుగాల వేళ్ల సందుల ఎర్రగ అయింది. మల్ల సన్నటి నీటి పొక్కులు లేసినయి. అవి చితికి తోలు లేసి, అరచెయ్యంత చీలికలు వడ్డయి. మందుల దుకాణంల ట్యూబు ఇచ్చిండ్రు. రాస్తే వారం తగ్గుడు, బంద్ చేస్తే రెండింతలు లేసుడు. అన్నం కలుపుకుంటే కారం తగిలి కండ్ల నీళ్లు వచ్చేటియి. నేను కలిపి పెడ్తనంటే "నేనేం చిన్న పిల్లనా" అని చెంచా తెచ్చుకునేది.

గల్లీల ఆడోళ్లందరు ఒకటే మాట అన్నరు: "చామంతి పడ్తలేదు నీకు. ఇప్పటి పూలకు మందులు మస్తు కొడ్తున్నరు." నాకు గూడ నిజమే అనిపించింది. పూలు అమ్మే చేతులు గిట్ల ఉంటే కొనేటోళ్లు చూస్తరు గద. దేవుని మీద వేసే దండ, ఆ చేతులతోని కట్టిందంటే కొందరు మొకం ముడిచేటోళ్లు. ఒకామె అయితే మొకం మీదనే అన్నదట. ఆ దినం మా ఆమె ఇంటికొచ్చి బియ్యం ఏరుకుంట కూసున్నది.

ఆ వానకాలం ఆమె పూలు బంద్ పెట్టింది. ఇరవై దినాలల్ల చేతులు మానినయి. మేము పండుగ చేసుకున్నంత పని చేసినం. చూసినవా, పూలే, పూలే అని ఇద్దరం గట్టిగ చెప్పుకున్నం. గుడి పక్కన జాగ ఇంకో ఆమెకు ఇచ్చేసింది. తన పీట, నీళ్లు చల్లే చెంబు సుత ఆమెకే ఇచ్చింది. ఆ దినం ఏడ్చింది. పదిహేనేండ్ల జాగ ఆయె మరి, ఏడవకుండ ఎట్ల ఉంటది!

ఇంకొక్క మాట అప్పుడు మా ఇద్దరి దిమాగ్‌కు తట్టలేదు. ఆ ఇరవై దినాలు వానలకు సైట్ల పని బంద్ ఉండె. నేను గూడ ఇంట్లనే ఉంటి.

పూలు పోయినంక ఆమె ఊకె కూసోలేదు. మా ఇంట్ల పాత కుట్టు మెషిన్ ఉన్నది. నేను సైట్ల కెల్లి ఖాళీ గమ్ము సంచులు తెచ్చి ఇస్తుండె ముందు సంది. మస్తు గట్టియి, తడికి చినగయి. పూలు తెచ్చుకోనీకె అవే వాడేది. మార్కెట్ల కూరగాయలోళ్లు చూసి మాకు గూడ కుట్టియ్యమన్నరు. ఇగ అదే పనైంది ఆమెకు. సంచిని తిప్పి, లోపలి పొడి దులిపి, తొట్టిల నానబెట్టి, బ్రష్‌తోని రుద్ది, ఆరేసి, పట్టుకోనీకె చెవులు కుట్టి అమ్ముడు. నాకెంత సంబురమైందో! పూలు పోయినా ఆమెకు ఒక పని దొరికింది, అది నా పనిల కెల్లి దొరికింది. నా సంచులు సాలక తక్కిన మేస్త్రీలను అడిగి తెచ్చిన. "అన్నా, ఖాళీ సంచి పారెయ్యకు, మా ఇంట్ల పనికొస్తది" అని సైటు సైటు తిరిగి అడిగిన. బండికి రెండు దిక్కుల కట్టుకొని తెచ్చి ఆమె ముంగట కుప్ప వోసేటోన్ని. నా చేతులతోని తెచ్చి ఇచ్చిన. 

చేతులు మల్ల లేసినయి. ఈసారి మణికట్టు దాటినయి. పూల మందు ఇంక ఒంట్ల ఉన్నదేమో, ఒంట్ల వేడేమో, తిండిల వంకాయేమో అనుకున్నం. ఆమెతోని వంకాయ బంద్ పెట్టించిన. తెలివి చూడండ్రి నాది!

ఒక దినం రేషన్ దుకాణంకు పోయినం. అక్కడ మెషిన్ మీద వేలు పెట్టాలె. నా వేలు ఎన్నడో పడుడు బంద్ అయింది, గీతలు అరిగిపోయినయి. మేస్త్రీల వేళ్లు గట్లనే ఉంటయని దుకాణపాయన గూడ నవ్వుతడు. ఎప్పుడు ఆమె వేలుతోనే బియ్యం వస్తుండె. ఆ దినం ఆమె బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, పడలేదు. పదివేళ్లు తుడిచి తుడిచి పెట్టింది. వెనక లైన్ల లొల్లి షురూ అయింది. నేను నవ్విన. "నువ్వు గూడ మేస్త్రీవి అయినవే" అన్న. అందరు నవ్విండ్రు, ఆమె గూడ నవ్వింది. ఆ నవ్వు యాదికొస్తే ఇయ్యాల నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తది.

అది అయిన నెలకు, పెండ్లిండ్లు చేసే ఒక శాదీఖానాల పని దొరికింది. బాత్రూములన్ని కొత్తగ చేస్తున్నరు. కాంట్రాక్టరు పెద్దోడు, అన్ని రూలు ప్రకారం ఉండాలంటడు. పని షురూ చేసే ముందు సేఫ్టీ మేడం ఒకామె కాయితాల అట్ట పట్టుకొని వచ్చింది. సన్నగ, కండ్లద్దాలు, కాళ్లకు పెద్ద బూట్లు. ముందు చేసిన సైట్లల్ల గూడ గిసుంటి కాయితం ఉంటుండె. సూపర్‌వైజర్ "ఇక్కడ సంతకం వెట్టు" అంటడు, పెడ్త, ఖతం. అండ్ల ఏమున్నదో ఎన్నడు అడగలేదు.

"అన్నా, ఈ గమ్ముతోని ఎవరికి దెబ్బ తగలొచ్చు, ఎట్ల తగలొచ్చు, తగలకుండ ఏం చెయ్యాలె, ఇవి నింపాలె నేను" అన్నది.

"ఎవ్వరికీ ఏం గాదు మేడం. అదే రాస్కో. సంతకం తీస్కో. నాకు పనున్నది" అన్న.

పోలేదు. బకెట్ బోర్లేసుకొని దాని మీద కూసున్నది. నాకు చిర్రెత్తుకొచ్చింది గాని ఆడపిల్ల ఆయె, ఏమంట? చూస్తె చూడనియ్యి అని బస్తా కోసి బకెట్ల గుమ్మరించిన. పొడి లేసి బాత్రూం అంత తెల్లగ అయింది. ఆమె ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

"ఈ సన్నటి ఇసుక ఊపిరితిత్తులల్లకు పోయి అక్కడనే కూసుంటది అన్నా. బయటికి రాదు."

"ఇరవై ఆరేండ్ల సంది కూసుంటున్నది మేడం, కిరాయి అడగలే నేను" అన్న. నాకే నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు, రాసుకున్నది.

నేను అంగీ చేతులు పైకి మడిచి, మోచేతి దాకా దింపి కలపవట్టిన. ఆమె పెన్ను ఆగింది. "గ్లౌజులు లేకుండనా" అన్నది. గ్లౌజులు ఏసుకుంటే గడ్డలు ఎట్ల తెలుస్తయని దబాయించిన. మండదా అంటే అలవాటైంది అన్న. మోకాళ్లు చూపియ్యమన్నది. ముద్ద పడ్డ ఫ్లోర్ మీద దినమంత మోకరిస్త గద, రెండు మోకాళ్లకు నల్లటి మచ్చలు ఉన్నయి. అవి కాలిన మచ్చలు అన్నది ఆమె. తడి సిమెంటు సున్నం లెక్కనే తోలును తింటదట, మంట తెలిసేసరికి కాలుడు అయిపోతదట. కాలుడు ఏంది, ఒరుసుకపోయినయి అన్న నేను. 

మల్ల అడిగింది: "పని అయినంక బట్టలు యాడ మారుస్తవు?"

"యాడ మారుస్త, ఇంట్లనే."

"ఎవరు పిండుతరు?"

"మా ఇంటామె. ఇంకెవరు?"

"చేతితోనా, మెషిన్లనా?"

"మాకేడి మెషిన్? చేతితోనే."

ఆమె నా దిక్కు చూడకుండనే రాస్తున్నది. "ఖాళీ సంచులు ఏం చేస్తరు?"

నాకు హుషారొచ్చింది. ఇది నాకు తెల్సిన ముచ్చట. "పారెయ్యం మేడం. ఇంటికి తీస్కపోత. మా ఆమె కడిగి బ్యాగులు కుడుతది. మస్తు గట్టిగ ఉంటయి, నీకొకటి తెస్త" అన్న.

పెన్ను ఆగింది. ఈసారి తల ఎత్తింది. కండ్లద్దాలు తీసి నా మొకం దిక్కు చూసింది.

"అన్నా, సిమెంటుల క్రోమియం అని ఒకటి ఉంటది. కొందరి ఒంటికి అది పడది. ఏండ్లకేండ్లు తగిలి తగిలి ఒక దినం పడకుండ అయితది. ఇగ ఆ తర్వాత కొంచెం తగిలినా చేతులు పగుల్తయి. మీ ఇంట్ల ఎవరికన్న చేతులు పగులుతున్నయా?"

 బకెట్ల చెయ్యి అట్లనే ఉన్నది. వామ్మో, ఆ ఒక్క నిమిషంల నాకు ఏమేం కనవడ్డదో చెప్పలేను. నా పని బట్టలు పిండకుండ గడిచిన వాన ఇరవై దినాలు కనవడ్డయి. రేషన్ దుకాణంల పది వేళ్లు కనవడ్డయి. బండికి రెండు దిక్కుల కట్టుకొని పోయిన సంచులు కనవడ్డయి.  "అన్నా, అన్నా, నీళ్లు తాగుతవా" అని ఆ పిల్ల అంటున్నది. నేను చెయ్యి గూడ సరిగ కడుక్కోలే. బండి తీసిన.

ఇల్లు చేరేసరికి ఆమె వాకిట్ల పీట మీద కూసున్నది. ముంగట తొట్టి. తొట్టిల నీళ్లు బూడిద రంగు. సంచిని తిప్పి, లోపలి దిక్కు పైకి వెట్టి, మోచేతి దాకా నీళ్లల్ల ముంచి రుద్దుతున్నది. అచ్చం నేను మాల్ కలిపినట్టు. నేను ఆమె చేతుల కెల్లి సంచి గుంజి గల్లీలకు ఇసిరికొట్టిన. తొట్టి కాలుతోని తన్నిన, బోర్లపడ్డది. నీళ్లు ఆమె చీరె మీద పడ్డయి.

"ఏమైందయ్యా నీకు! పిచ్చి లేసిందా! ఎవరితోనన్న కొట్లాడొచ్చినవా?" అని లేసింది.

నేను లొల్లి లొల్లి చేసిన. ఏమన్ననో నాకే తెల్వదు. ఎవరు కడగమన్నరు నిన్ను, దిమాగ్ లేదా నీకు అని ఆమెనే తిట్టిన. తెచ్చి ఇచ్చింది నేను, తిట్టింది ఆమెను! గల్లీల ఆడోళ్లు తలుపుల కాడికొచ్చిండ్రు. ఆమె కొంగుతోని చేతులు తుడుచుకుంటుంటే మణికట్టు మీది చీలికలకెల్లి నెత్తురు చీరెకు అంటింది. అది చూసి తడి నేల మీదనే కూలబడ్డ. చెప్పిన. ముక్కలు ముక్కలుగ చెప్పిన.

ఆమె చానాసేపు తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నది. 

సర్కారు దవాఖానల తోలు డాక్టరమ్మ ఆమె వీపు మీద చిన్న చిన్న పట్టీలు వరసగ అతికించింది. ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్క మందు. చామంతి పువ్వు రెక్కలు గూడ తెమ్మన్నది, ఒక పట్టీల అవి పెట్టింది. తడపొద్దు, గోకొద్దు అన్నది. రెండు దినాలైనంక పట్టీలు తీసి చూసింది, మల్ల రెండు దినాలకు ఇంకోసారి రమ్మని చూసింది. క్రోమియం పెట్టిన కాడ రూపాయి బిళ్లంత ఎర్రగ పొంగి పొక్కులు లేసినయి. చామంతి పెట్టిన కాడ తోలు సాఫ్‌గ, మామూలుగ ఉన్నది. నేను వంగి మల్ల మల్ల చూసిన. ఒక్క మచ్చ లేదు.

"పూలతోని ఏం లేదమ్మా. సిమెంటే. ఇంక జన్మల దాన్ని ముట్టుకోవద్దు. మానుతయి గాని ఒళ్లు మాత్రం మర్సిపోదు" అన్నది డాక్టరమ్మ.

మా ఆమె రైక సర్దుకుంట "పూలతోని ఏం లేదా?" అని అడిగింది. లేదన్నది డాక్టరమ్మ. మల్ల అడిగింది. మూడుసార్లు అడిగింది.

నేను సైటుకు పోయి ఆ మేడంను దేవులాడి పట్టుకున్న. "బిడ్డా, ఆ కాయితం తియ్యి. ఎవరికి దెబ్బ తగలొచ్చు అన్న కాడ మా ఇంటామెను రాయి" అన్న. ఆమె కాయితం తిప్పి చూసింది. పనోళ్లకు జాగ ఉన్నది, సూపర్‌వైజర్‌కు ఉన్నది, సైటుకు వచ్చి పోయేటోళ్లకు గూడ ఉన్నది. "ఇంట్ల ఉన్నోళ్లకు ఈ కాయితంల జాగ లేదన్నా" అన్నది చిన్నగ. లేకుంటే చెయ్యి అన్న. పక్కన ఖాళీ అంచుల పెన్నుతోని సన్నగ రాసింది. బట్టలు సైట్లనే మార్చాలె, సంచులు ఇంటికి పోవద్దు, మాల్ మెషిన్‌తోని కలపాలె, చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు. ఈసారి చదివిపిచ్చుకొని సంతకం పెట్టిన.

ఇప్పుడు నా బట్టలు నేనే పిండుకుంట, సైటు నల్లా కాడ. చేతికి తొడుగులు ఏసుకుంటే తోటి మేస్త్రీలు "డాక్టర్ సాబ్ ఆయా" అని ఎక్కిరిస్తరు. ఎక్కిరియ్యనియ్యి. ఆమె చేతులు మానుడు మొదలు కానీకె రెండు నెలలు పట్టింది, తోలు పూర్తిగ రానీకె ఇంక నాలుగు. పోయిన నెల రేషన్ మెషిన్ మీద ఆమె వేలు పడ్డది.

ఆమె మల్ల పూలకు కూసున్నది. పాత జాగ పాయె, ఇచ్చినదాన్ని ఎట్ల అడుగుతది? గుడికి నాలుగిండ్ల అవతల, ఎండ కొట్టే కాడ కూసుంటున్నది. మొదటి దినం నేను పనికి పోలేదు. పక్కన కూసున్న. ఆమె చామంతి కుప్పల చెయ్యి పెట్టి అట్లనే ఉంచింది చానాసేపు.

"ఏడాది పొద్దు దీన్ని తిట్టిన. నోరు లేనిదాన్ని తిట్టిన" అన్నది.

"నాకు తెల్వకుండెనే" అన్న. 

"తెల్వదని నాకు తెల్సు. అందుకే కోపం ఇంక ఎక్కువొస్తది. ఇరవై ఆరేండ్లు దాంట్ల చెయ్యి పెట్టినవు గద, అండ్ల ఏమున్నదని ఒక్కసారన్న ఎవరినన్న అడిగినవా?"

 ఆమె దారం తీసి, ఒక కొస పంటితోని తెంపి, వేళ్లకు చుట్టింది. వేళ్లు ముందుగాల తడబడ్డయి. నాలుగు పూలకు సర్దుకున్నయి. దారం రెండో కొస పట్టుకుందామని నేను చెయ్యి చాపిన.

ఆమె దండ ఎనకకు గుంజుకున్నది. "ముందు చేతులు కడుక్కోపో" అన్నది.

పోయి సబ్బు పెట్టి కడుక్కొని వచ్చిన. చూసి, మల్ల పో అన్నది. రెండోసారి గోర్ల సందులు గూడ రుద్దుకొని వచ్చిన. నా చేతులు తిప్పి చూసింది. మూడోసారి తనే లేసి, కొత్త చెంబుతోని నా చేతుల మీద నీళ్లు వోసింది.